సోమవారం తలంటు

సిరొంచ డిపోల నాది పొద్దుగాల ఐదున్నర బండి.
బామ్ని, జిమల్‌గట్ట, రేపన్‌పల్లి, ఆలాపల్లి.
మరాఠీల కేకేస్త, తెలుగుల చిల్లర లెక్కపెడుత,
గుంత వచ్చిందంటే ఏ భాషా ఉండదు,
అబ్బా, అంతే.

ఆ రోడ్డు సగం నేలమీద ఉంటది,
సగం నా నెత్తిల.
మాపటికి జడ విప్పితే
ముందు మన్ను రాలుతది, తర్వాత ఎంటికలు.
క్వార్టర్ల బోరునీళ్ళు నురగనే పుట్టనియ్యవు.
కొసలు చూస్తే
బాయి మీద అరిగిపోయిన చాంతాడు.

చెల్లె పెండ్లికి బల్లార్షా పార్లర్ల
మూడు వేలు పెట్టి సాపు చేయించిన.
ఆర్నెల్లు అద్దం నన్ను పొగిడింది.
ఏడో నెల వడ్డీతోటి వసూలు చేసుకున్నది.

ఒకరోజు ఎంటికలు కొనేటాయన ఎక్కిండు, గోనెసంచితోని.
దువ్వెన చిక్కులు తీసుకొని స్టీలు గిన్నెలిచ్చేటోడు.
లగేజీ టికెట్టు తియ్యన్న.
"బరువెక్కడిది తాయీ, అంత గాలే."
నా జడను ముట్టుకోకుండనే చూసి
"మీదైతే చెంచా కూడ రాదు, చచ్చిన సరుకు" అన్నడు
మంచిగనే, డాక్టరు చెప్పినట్టు.
బస్సంత నవ్వింది.
డ్రైవరు గావడే అద్దంల నవ్విండు.
సంచికి ఫుల్లు టికెట్టు కొట్టిన.

నవ్వనిది మైనీ ఒక్కతే.
వెనక టైరు మీది సీటు, మడియా ముసలామె,
సగం టికెట్టును నాలుగు మడతలు పెట్టి చెవిల చెక్కుకునేది.
కొంగు ముడి విప్పి
నా చేతుల నల్లటి పెళ్ళ పెట్టింది. ఇప్పచెక్క.
గానుగల నూనె పోయినంక మిగిలింది.
"ఒట్టిగ ఇదే పోసుకోకు, ఎండగొడుతది.
మురికి తీసేది ఇది. మీద బంకది పొయ్యాలె."
బంకదేందని అడిగేలోపే
జిమల్‌గట్ట వచ్చింది.

బంక కోసం మూడు సోమవారాలు పోయినయి.
మెంతులు నానేసి రుబ్బి వడగట్టిన.
మంచిగనే జారింది గని, మంగళవారమంత
ఎవరి డబ్బాల పప్పు ఒలికిందని
ప్యాసింజర్లు సీట్ల కింద వంగి చూసిన్రు.
పులిసిన బియ్యం కడుగు పోసిన.
పక్కింటి పోరడు ముక్కు మూసుకొని
ప్రాణహిత దాకా ఉరికిండు.
మూడోసారి పోస్టాఫీసు గోడవతల మందారాకు.
చన్నీళ్ళల్ల పిసికితే
చెయ్యికీ చెయ్యికీ నడుమ
పచ్చటి దారం సాగింది, తెగలేదు.
నీళ్ళు చిక్కనయినయి, గుడ్డలోంచి ఊడిపడ్డట్టు పడ్డయి.
ఇదే, అనుకున్న.

ఇప్పచెక్క ఉడికించిన నీళ్ళు ముందుగాల.
కండ్లు మండినయి, ముక్కు పొడుగూత ఇప్పవాసన.
మోరీల నీళ్ళు ఎర్రగ కదిలినయి.
ఆలాపల్లి పోయింది,
రేపన్‌పల్లి పోయింది,
జిమల్‌గట్ట, బామ్ని,
ఒక్కొక్క స్టాపే నన్ను దిగిపోయింది.
తర్వాత మందారం నీళ్ళు.
పోస్తాంటే నెత్తికి చెవులు వచ్చినట్టు
నీళ్ళ చప్పుడు లోపటికి వినపడ్డది.
చెంబెడు అట్లనే వదిలేసి, తువ్వాల చుట్టుకొని
గడపల కూసున్న.
చిల్లర లేదు, గంట లేదు.

చీలిన కొసలైతే అతకలేదు.
అతకవు.
పోసక్క కత్తెర తెచ్చి నాలుగేళ్ళ మందం కోసింది,
"ఇగ ఏడుస్తవా?" అని నా మొకం చూసింది.
నేను ఆ కొసల్ని పాత టికెట్టు రోలు కాయితంల చుట్టి పెట్టిన.
ఆయన మళ్ళ ఎక్కితే ఇస్త.
చెంచా అడగను.

మంగళవారం, ఐదున్నర బండి.
బామ్నిల మైనీ ఎక్కింది.
టికెట్టు ఇయ్యబోతే
నా జడ కొస గుంజి పట్టుకున్నది,
వేళ్ళకు చుట్టి ఇప్పింది, ముక్కుకు పెట్టుకున్నది.
ఒక గుంత దాటింది, ఇంకో గుంత దాటింది.
బస్సంత ఎగిరినా చెయ్యి ఇడువలేదు.
మెచ్చుకుంటదనుకున్న.
"పుల్లది తక్కువైంది" అన్నది.
పుల్లదంటే ఏందని అడిగేలోపే
జిమల్‌గట్ట.