ఊపిరి బిగపట్టండి

డిసెంబరు రెండో వారం.
మౌలాలి గుట్ట ఇంకా మంచు దుప్పట్లోంచి తల బయట పెట్టలేదు.
మిద్దెక్కితే ఉత్త కాళ్ళకు గచ్చు జిల్లుమంది.
పొద్దుగాల ఇగం ఎముకల్ని లెక్కపెడుతుంది,
ఆ పని నాదనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఎనిమిదింటికి ఎక్స్‌రే గదిలో డ్యూటీ.
అప్పటిదాకా తోటలో.
తోటంటే ఎంతని,
పదకొండు పెయింటు డబ్బాలు, అంచు విరిగిన సింకు,
షమీనా బాజీ పాత సామానోడికి వేయబోతుంటే
అడిగి తెచ్చుకున్న కూలరు తొట్టి.
సింకులో పాలకూర. తొట్టిలో కొత్తిమీర,
చెయ్యి పెడితే రాత్రి చలంతా
వాసనై వేళ్ళకు అంటుకుంది.
డబ్బు కట్టడం మానేసిన డిష్షు గొడుగు మీదికి
చిక్కుడు తీగ ఎగబాకి
ఇప్పుడు అందులో ఒకటే ఛానలు వస్తోంది,
ఊదారంగు పూలది, రోజంతా.

నా ఫోను కెమెరా కంటి మీద వెంట్రుకవాసి పగులు.
ఏది తీసినా పైన ఓ మూల సన్నటి గీత పడుతుంది.
రోజూ మణికట్లలో, పక్కటెముకల్లో
వెలుతురుకు పట్టుకుని నేను వెతికేది అలాంటి గీతనే.
అందుకే మంచు బొట్ల బరువుకు వంగిన పచ్చ చేమంతి
తెర మీదికి రాగానే
పాపం, ఎక్కడ పడ్డావే అని అడగబోయాను.

రోజుకు అరవైమందికి చెబుతాను
గడ్డం ఇక్కడ ఆనించండి
భుజాలు ముందుకు
ఊపిరి బిగపట్టండి... కదలొద్దు...
ఆ, వదలండి.
ఇక్కడ నా మాట ఎవరు వింటారు!
బంతి తల ఊపుతూనే ఉంటుంది
చీమ ఫ్రేములోంచి నడిచి వెళ్ళిపోతుంది
తేనెపిట్ట మందారం గొంతులో ముక్కు పెట్టి
గాలిలోనే నిలబడి... లేదు, వెళ్ళిపోయింది.
చేసేది లేక
ఊపిరి నేనే బిగపడతాను.
వదిలినప్పుడు నా నోటి ఆవిరి
చేమంతి మీదుగా పోతుంటే అదీ పడింది ఫోటోలో,
పక్కన ఎవరో చాయ్ పెట్టినట్టు.

"ఏంది సువార్తా, పూలకు స్కానింగా?"
పిట్టగోడ అవతల దుప్పట్లు ఆరేస్తూ షమీనా బాజీ.
"మా నిమ్మచెట్టుకు గూడ ఒకటి దించు, పూత మంచిగొచ్చింది.
ఆగు, నేను పక్కన నిలబడతా" అని
చున్నీ సవరించుకుని
ఆధార్ కార్డుకు నిలబడ్డట్టు నిలబడింది.
ఊపిరి వదులు బాజీ, అన్నాను.
అప్పుడు నవ్వింది. అప్పుడు నొక్కాను.

నాచారం పొగగొట్టాల సందులోంచి సూర్యుడు.
చిక్కుడాకును తెంపకుండానే ఎండకు పట్టి చూశాను,
ఈనెలన్నీ కనబడ్డాయి. మధ్యలో
పురుగు లోలోపలే తిరిగిన తెల్లటి వంకర దారి.
ఇది చదవడానికి డాక్టరు అక్కర్లేదు.
పొద్దున తీసినవాటిలో ఆ ఒక్కటే బాగా వచ్చింది.

సోమవారం వచ్చిన ఐలయ్య,
వ్యాగన్ వర్క్‌షాపులో ముప్పయ్యేళ్ళు రంగులేసిన మనిషి,
చొక్కా గుండీలు పెట్టుకుంటూ
"ఎట్లుంది బిడ్డా లోపల?" అన్నాడు.
సార్ చెబుతారు, అన్నాను. మేము చెప్పకూడదు.
చూపు దాచుకోవడానికి ఫోను తీస్తే
తెర మీది చిక్కుడు పూలు చూసి
"ఈ రకం మా అమ్మ పెడుతుండె.
గింజలు దొరుకుతయా?" అన్నాడు.

పిట్ట ఫోటో చెదిరిపోయింది.
ఊపిరి నిలపలేనివాళ్ళ ఫిల్మూ ఇలాగే మసకేస్తుంది,
మళ్ళీ రమ్మంటాం.
దీన్ని మాత్రం చెరపలేదు,
రెక్క అన్నాక అలాగే ఉంటుంది.

కింద నల్లా వచ్చింది, బకెట్ల చప్పుడు.
తీగ మొదట్లో ముందుగా ఎండిన కాయలు నాలుగు ఒలిచి
ఎక్స్‌రే కవరు ముక్కలో చుట్టాను, పద్నాలుగు గింజలు.
గురువారం వస్తాడు.
ఇది నాటే కాలం కాదనీ
ఆషాఢం దాకా తడి తగలకుండా దాచుకోమనీ
చెప్పాలి.
ఇది చెప్పొచ్చు నేను.