అరవై నాలుగో సెషన్

హార్షమ్‌లో డిసెంబరు. బయట నలభై ఒకటి.
సైలోల మీద గులాబి రొమ్ముల చిలుకలు
రాలిన గోధుమగింజ కోసం కొట్లాడుకుంటున్నాయి.
కాటా దగ్గర మొదలైన లారీల వరస
పట్టాలు దాటి, ట్రాక్టర్ల షాపు దాటి
డింబూలా రోడ్డెక్కింది.
ఒక్క చీటీ రాదు.
తెర మీద చిన్న గుండ్రం తిరుగుతూనే ఉంది
గానుగెద్దులా.

"వకూలా, నేనేమైనా చేశానా?"
అడిగింది బ్రాన్విన్.
ఇరవై రెండేళ్ళు కాటా గదిలో కూర్చుని
టైరు చప్పుడు విని బరువు చెప్పగల మనిషి.
యాభై మూడో ఏట, ఈ ఆగస్టు నుంచే
ప్రోగ్రాములు నేర్చుకుంటోంది,
వేళ్ళకింకా కార్బను కాగితం మసి ఉన్నట్టు
ఒక్కో మీటా ఆచితూచి నొక్కుతూ.

నిన్న సాయంత్రం అడిగింది:
తొమ్మిది టన్నుల ట్రైలరు
నలభై రెండు టన్నుల లారీ కన్నా పెద్దదెలా అయింది?
చూశాను. బరువుల గడికి అక్షరాల రకం ఇచ్చింది.
అక్షరాలకి బరువు తెలీదు బ్రాన్విన్,
నిఘంటువులో మాటల్లాగ
మొదటి గీత చూసి వరసలో నిలబడతాయి,
నాలుగు ముందు, తొమ్మిది వెనక.
"మరి డార్విన్ లారీ కంపెనీ పోస్టుకోడు?"
దానికేమో అంకెల రకం ఇచ్చిందట.
ముందున్న సున్నా రాలిపోయింది.
ఎనిమిది వందలు మిగిలింది, ఊరు పోయింది.

మా భాషలో, అన్నాను, ఏడు అని ఒక మాట.
అంకె అది. సంవత్సరమూ అదే.
ఎవర్నైనా ఏడవమన్నా అదే.
ఒకప్పుడు సంవత్సరానికి మధ్యలో అరసున్న ఉండేది.
పలికేది కాదు. ఉండేది.
మేం పారేసుకున్నాం.
"మరి తేడా ఎలా తెలుస్తుంది?"
పక్కమాట చూసి.
"యంత్రం పక్కమాట చూడదుగా."
చూడదు. అందుకే ముందే చెప్పాలి, ఏ ఏడో.
పాత చీటీ వెనక రెండూ రాసిచ్చాను.
మడిచి జేబులో పెట్టుకుంది.

ఇవాళ తాళం పడింది.
నూట పన్నెండు, తొంభై ఏడు కోసం ఆగింది.
తొంభై ఏడు, అరవై నాలుగు కోసం.
అరవై నాలుగు ఎవరికోసమూ ఆగలేదు.
నిద్రపోతోంది అని రాసి ఉంది,
తాళంచెవి తలకింద పెట్టుకుని.

బ్రాన్విన్ తెర మీది కిటికీలన్నీ మూయించాను.
ఎక్కడో మొదలుపెట్టి ముగించడం మర్చిపోయుంటావు,
కొత్తవాళ్ళందరూ చేసేదే అన్నాను,
ఆ అందరిలో నన్ను కలుపుకోకుండా.
వరస కదల్లేదు.
పడమట మబ్బు. తడిస్తే బార్లీ మొలకెత్తుతుంది.
ఒక డ్రైవరు దిగొచ్చి అద్దాన్ని టోపీతో కొట్టాడు.
బ్రాన్విన్ ఒక్క మాటా అనకుండా
పాత చీటీ పుస్తకం, పెన్సిలు తీసుకుని
ఎండలోకి వెళ్ళింది.

అప్పుడు చూశాను
అరవై నాలుగు ఎవరిదో.
వ, కు, ళ.
పొద్దున్నే, కాఫీ కప్పు ఒక చేత్తో పట్టుకుని,
ఆ గడి రకం మార్చి
డార్విన్ సున్నా దానికిచ్చేద్దామని తెరిచిన కిటికీ,
మెయిలు వెనక, కేలండరు వెనక.
మొదలుంది. ముగింపు లేదు.
చంకలో బిడ్డ.
ఊరంతా వెతుకులాట.

కమిట్ అని కొట్టాను.
గుండ్రం ఆగింది. చీటీల యంత్రం దగ్గింది.
కిటికీలోంచి లారీ ఇంజన్లు
ఒకదాని వెనక ఒకటి గొంతు సవరించుకున్నాయి.

బ్రాన్విన్ మెడ ఎర్రగా కాలి వచ్చింది.
"ఎవరి దగ్గరుంది తాళం?"
నా దగ్గరే.
ఊఁ అంది. నీళ్ళు తాగింది.
చీటీల కట్ట నా ముందు పెట్టింది, ఎక్కించమని.
ఒకటి, రెండు, మూడు, అన్నీ అంకెలే,
ఏడో చీటీ దగ్గర తప్ప.
అక్కడ వంకర అక్షరాలతో, ఎంతో జాగ్రత్తగా,
ఏఁడు అని ఉంది.
అరసున్నతో.
అది వేరే ఏడు.

సరిదిద్దలేదు.