పైకి వెళ్లే బాణం

నిన్న సాయంత్రం దాకా ఉంది.
ఎడమ పక్కన, పైన, ఆకుపచ్చ బాణం.
నొక్కితే ఒక మెట్టు పైకెక్కేది:
కాగితంలోంచి పడవ అరలోకి,
పడవ అరలోంచి యజమాని అరలోకి,
అక్కణ్ణించి రేవు మొత్తానికి.
ఇవాళ కొట్టు తెరిచేసరికి కంప్యూటరు
తనంతట తనే ఏదో అప్‌డేట్ చేసుకుని
తలంటుకున్న దానిలా మెరుస్తూ కూర్చుంది.
బాణం లేదు.

ఫిషింగ్ హార్బరు గేటుకి ఎదురుగా
ఐసు ఫ్యాక్టరీ చెమ్మ దిగే గోడ పక్కన
పదకొండేళ్లుగా నా డీటీపీ.
లైసెన్సులు, డీజిల్ రాయితీ అర్జీలు, బీమా ఫారాలు.
నాలుగొందల పద్దెనిమిది పడవలు
ఈ పెట్టెలో లంగరేసి ఉన్నాయి.
ఏది ఎక్కడుందో నా వేళ్లకి తెలుసు, నాకు తెలీదు.
నేను ఎదుటి మనిషి కష్టం వింటూ ఉంటే
చెయ్యి తన దారిన తాను వెళ్లి తెచ్చేది.

ఇప్పుడు ఆ అరల వరసే తీసేశారు.
చోటు కలిసొస్తుందట.
కలిసొచ్చిన చోటులో ఏముంది? తెలుపు.
తెరవగానే 'ఇటీవలివి' అంటూ
నిన్నటి పులుసు వేడిచేసి వడ్డిస్తుంది.
పేరు మార్చడానికి పెన్సిలు బొమ్మ,
దాన్ని ఆనుకునే, గోరంత ఎడంలో, చెత్తబుట్ట.
ఎవరు పెట్టారయ్యా
ఉప్పు డబ్బా పక్కన ఎలకల మందు?

మైలపల్లి ఎల్లాజీ ఎనిమిదింటి నుంచీ నిలబడే ఉన్నాడు.
పన్నెండున్నరకి ఆఫీసు మూసేస్తారు.
పేరు చెప్పు, క్షణంలో తెస్తానంది పెట్టె.
నూకాలమ్మ అని కొట్టాను. లేదంది.
ఇంగ్లీషులో రెండు ఓలు పెట్టాను. లేదు.
ఓలు తీసి యూ పెట్టాను.
ఎమ్ ఒకటి తగ్గించాను.
ఏ తొందరలో ఏ పేరు పెట్టుకున్నానో,
పేరెవరికి గుర్తు? చోటు గుర్తు.
వేట బందు నాటి అరలో, కింద నుంచి మూడోది.

"ఏటమ్మా, పోనాదేటి?"
పోలేదు బాబూ. ఉంది. దారే పోయింది.

అతను నవ్వలేదు.
"మాం వలేసే కాడ బోర్డుంటాదేటి?
యారాడ కొండ కొస, లైటౌసు
రెండూ ఒక్క గీతలో కొస్తే
ఆ కింద రాయుంటాది. రాయి కాడ సేపుంటాది.
మాయయ్య సూపించినాడు.
రేతిరికి రేతిరి ఆ కొండ జరిపేసి
సంద్రం ఇప్పుడు సాపుగా అవుపడతాది సూడండి అంటే
ఏటి సేసీది?"

ఆ మాట ఎవరికైనా చేరవేద్దామనుకున్నాను.
'మీ అభిప్రాయం' అని ఒక మూల ఉంది.
నొక్కితే ఐదు నక్షత్రాలు.
మాటలకి చోటు పెట్టలేదు.

పన్నెండూ పదికి దొరికింది.
చెత్తబుట్టలో.
పొద్దున ఇతను రాగానే
పేరులో తప్పు దిద్దుదామని
పెన్సిలనుకుని నొక్కింది నేనే.
ఎల్లాజీకి ఆ సంగతి చెప్పలేదు.
ప్రింటు ఇంకా వేడిగా ఉండగానే
చొక్కాలో దోపుకుని రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తాడు.

మధ్యాహ్నం ఐసు లారీ సందడి తగ్గాక
నుదుటి బొట్టుబిళ్ల తీసి
తెర మీద, సరిగ్గా చెత్తబుట్ట బొమ్మ మీద అంటించాను.
సాయంత్రానికే కిటికీ ఏదో ఇటు జరిగింది,
చెత్తబుట్ట జారి పక్కకి పోయింది.
బొట్టు మాత్రం అక్కడే ఉంది, తెల్లటి ఖాళీలో.
ఉండనీ.
పెట్టిన చోట ఒక్కటైనా ఉంది.