పదమూడో కాపీ

నెలకో కాగితం తెచ్చేవారు కూర్మారావు మాస్టారు.
రెండు వైపులా చేతిరాత, అంచున ఎప్పుడూ టీ మరక.
"పన్నెండు తియ్యమ్మా, మసక రాకూడదు."

ఏడు రోడ్ల కూడలి దగ్గర మా జిరాక్సు కొట్టు.
ఆధార్ కార్డులు, అడంగళ్ళు,
విడాకుల అర్జీలు, పోయినవాళ్ళ పత్రాలు
అన్నీ నా చేతుల మీదుగానే వెళ్తాయి.
ఒక్కదాని గురించీ నేను మాట్లాడను.
"ఎన్ని?" "రెండు వైపులా?" "చిల్లర లేదు."
రోజుకి నాకు సరిపోయే భాష అంతే.

ఆ కాగితం మాత్రం చదివేదాన్ని.
మన వైపు మాటలు ఏరుకునే మనుషులట,
పట్టుమని పన్నెండుగురు,
పాత వంతెన దగ్గర
కుట్టుమిషన్ల కొట్టు మీది మేడగదిలో
రెండో ఆదివారం కూడతారు.
గెడ్డ. తంపర. చోళ్ళు.
మాట పక్కన అర్థం,
అర్థం పక్కన తెచ్చినవాళ్ళ పేరు.
"బేగి: తొందరగా. కానీ విసుక్కోకుండా. సనపల తవిటమ్మ."
చదివి, యంత్రం చప్పుడులో నవ్వుకునేదాన్ని.

పదమూడోది నాకు.
రెండు రూపాయలు గల్లాలో నేనే వేసేదాన్ని
దొంగతనం కాకూడదని.
పదకొండు నెలలు, పదకొండు కాగితాలు
బియ్యం డబ్బా కింద.

వెళ్ళొచ్చుగా అంటే, ఏటని వెళ్ళను?
పదిలో లెక్కలు పోయిన మనిషిని.
విశాఖలో ఆరు నెలలు పనిచేసినప్పుడు
ఒకసారి "ఏటండి" అన్నందుకు
గదిలో నలుగురూ నన్ను వారం పాటు
"ఏటండి" అనే పిలిచారు.
అప్పట్నుంచి మాటని ఇస్త్రీ చేసి గానీ బయటికి పంపను.
చాలాసార్లు ఇస్త్రీ కిందే మాడిపోతుంది.

మే నెల కాగితంలో
"చెలమ: ఏటి ఇసుకలో తవ్వే చిన్న నీటిగుంట" అని ఉంది.
అంతే ఉంది.
యంత్రం మూత ఎత్తి పట్టుకుని నిలబడిపోయాను.

నాగావళి ఎండితే మా అమ్మమ్మ
మోచేతి లోతు తవ్వేది. ముందొచ్చేది బురద.
కొబ్బరి చిప్పతో తోడి పారబోసేది.
మళ్ళీ వచ్చేది, మళ్ళీ పారబోసేది.
మూడోసారి చేతులు దులుపుకుని కూచుని
"సూడకే గుంటా, సూస్తే ఊరదు" అని
నా మొహం పక్కకి తిప్పేది.
కబుర్లయ్యేసరికి
నీళ్ళలో నా ముక్కు కనిపించేది.
తోడటం లేకుండా చెలమ ఏటి?

అంచున పెన్సిల్‌తో రాశాను. చెరిపాను.
మళ్ళీ రాసి, మాస్టారి చెప్పుల చప్పుడు విని
మళ్ళీ చెరిపాను.
కాగితం అక్కడ పలచబడి
పన్నెండు కాపీల్లోనూ నీడలా ఓ మచ్చ.
నా మొదటి మాట అదే అనుకోవచ్చు.

మేడకి మెట్లు పద్దెనిమిది.
రెండుసార్లు సగంలోంచి దిగాను కనక
బాగా తెలుసు.
తలుపు పక్క బల్ల మీద కూచుంటే ఎవరూ తల తిప్పలేదు.
అదే బతికించింది.
కాసేపటికి మాస్టారే చూశారు:
"నువ్వా! కాపీ తక్కువైందా అమ్మా?"
"కాదండి. సెలమ..."

సెలమ అనేశాను.
ఇస్త్రీ లేకుండా, మడతలతో సహా.

తర్వాత ఏం చెప్పానో గుర్తు లేదు,
మొదట బురదే వచ్చి ఉంటుంది.
తేరుకుని చూసేసరికి
మిఠాయి కొట్టు నరసింగరావు గారు
తన అరచేతిలోనే తవ్వి చూపిస్తున్నారు.
"మాకు తాటాకు దొప్పండి, చిప్ప కాదు."
"దొప్పతో తోడితే సాయంత్రమైపోద్ది" అంది తవిటమ్మ.
ఇద్దరికీ పడింది.
నా సంగతి అందరూ మరిచిపోయారు.
ఎంత హాయిగా ఉందో!
దిగేటప్పుడు మాత్రం ఎవరో పేరడిగి రాసుకున్నారు.

జూన్ కాగితం వచ్చింది.
చెలమకి ఈసారి మూడు వరుసలు,
చిప్పా ఉంది, దొప్పా ఉంది,
చివర్న నా పేరు.
పచ్చటి వెలుగు దాని కిందుగా
పన్నెండుసార్లు నడిచి వెళ్ళింది.
పదమూడోది తీస్తూ సరిగ్గా చూశాను.

ధమయంతి, అట.
దకి ఒత్తు.

మళ్ళీ ఎక్కాలి ఆ పద్దెనిమిది మెట్లూ.
"ఒత్తు తీసీండి" అని చెప్పాలి.