తుక్కు రిజిస్టరు

అస్మారా శివార్లలో
ఇనుము మీద ఇనుము పడి నిద్రపోతోంది.
పక్కటెముకల సందుల్లోంచి నాగజెముడు మొలిచి
ఎర్రగా కాయలు కాసింది.

కిబ్రొమ్ కొత్త గుమాస్తా. ఇరవై రెండేళ్లు.
చంకలో రిజిస్టరు, చెవి మీద పెన్సిలు.
పొద్దుట్నించీ ముప్పై ఒక్క వరసలు నింపాడు.
మొదటి వరసలో ట్యాంకు,
కింద ముప్పై సార్లు పైదే, పైదే, పైదే.

కంచె దగ్గర పళ్లు కోస్తున్న లెతెన్కియెల్
తొంగి చూసి నవ్వింది.
ఎడమ చేతికి రెండు వేళ్లు లేవు,
కత్తి మాత్రం తిన్నగా ఆడుతోంది.

"అన్నిటినీ ఒకే గాటన కట్టావేం నాయనా?
దీనికి చక్రాలు, ఎనిమిది. కనిపించలేదూ?
తారురోడ్డు మీద మారాజు,
బురదలో దిగితే చెప్పు తెగిన పెళ్లికొడుకు."

"మరి దీనికి గొలుసులున్నాయిగా?"
"బుల్డోజరుకీ ఉంటాయి."
"గొట్టం కూడా ఉంది. తల కూడా తిరుగుతుంది."
"తిరుగుతుంది. కానీ చర్మం చూడు, పలచన.
కొండ వెనకాల కూచుని
కనపడని ఊరి మీదకి నిప్పు విసిరే ఫిరంగి ఇది.
ఎదుటివాడి ముఖం చూడనిదాన్ని ట్యాంకనకు."

తలుపు వెనక్కి పడిపోయిన ఇంకోదాన్లో
ఎదురెదురుగా రెండు బెంచీలు.
పదకొండుమంది మోకాళ్లు రాసుకుంటూ కూచునేవాళ్లట.
ఇప్పుడు అందులో పిల్లి ఈనింది.
"ఇది బస్సు," అంది,
"కవచం తొడుక్కున్న బస్సు. కొట్టెయ్."

కొట్టేశాడు. రబ్బరు పొట్టు ఊదుకున్నాడు.

"అసలు ట్యాంకంటే నీళ్ల తొట్టి కదమ్మా?"
"మొదట చేసినవాళ్లు గుట్టు దాచడానికి
అలాగే చెప్పారట, నీళ్ల కోసం అని.
పుట్టుకతోనే దొంగపేరు.
మాకు అందులో మనిషికి రోజుకి అర లీటరు నీళ్లు."

అప్పుడు తీసుకెళ్లింది దాని దగ్గరికి.
గుండ్రటి తల పగిలి పక్కకి ఒరిగింది.
పగులు అంచున కుడిచేత్తో జానెడు కొలిచి చూపించింది.
గొట్టం మూతిలో పిచ్చిక గడ్డి.

"మందపు ఒళ్లు, గొలుసులు,
చుట్టూ తిరిగే తల, ఎదురుగా చూసి కొట్టే గొట్టం."
పెన్సిలు నాలిక మీద తడుపుకున్నాడు.
"ఈ నాలుగూ ఉంటే ట్యాంకు. అంతేనా?"

"పుస్తకంలో అంతే.
లోపలికి దిగి సీట్లు లెక్కపెట్టు."

దిగాడు. మోకాలు గీరుకుంది.
"నాలుగు," అన్నాడు లోపల్నించి, గొంతు డొల్లగా.
"ఐదోది?"
"లేదు."
"బాగా వెతుకు."

శత్రువు దగ్గర లాక్కున్న బండి.
పుస్తకం రష్యన్లో, చదివేవాళ్లు లేరు.
తోలింది లెతెన్కియెల్, పంతొమ్మిదేళ్లప్పుడు,
కుడి భుజానికి గుళ్లు ఒరుసుకుంటూ.

"దారి పక్కన ఫాత్నా చెయ్యి ఎత్తింది.
తొడ లేదు.
బస్సయితే కాళ్లు ముడుచుకుని ఎవరో ఒకరు జరిగేవాళ్లు.
దీన్లో గుళ్లు జరగవు.
ఇంజను మూత మీద పడుకోబెట్టి
నా నెత్సెలాతో కట్టాం.
ఏడు కిలోమీటర్లు.
ఆ మూత ఎంత కాలుతుందో
ముందు కూచుని తోలేవాళ్లకి తెలీదు."

తర్వాత ఏమీ చెప్పలేదు.
పండు తొక్క ఒలిచింది, ముళ్లు తగలకుండా,
ఉన్న మూడు వేళ్లతో పట్టుకుని.
"పళ్లు కావాలా? జత రెండు నక్ఫాలు."

కిబ్రొమ్ ఇంకా లోపలే ఉన్నాడు.
వివరం అనే గడిలో సీట్లు నాలుగు అని రాశాడు.
తోలేవాళ్ల సీట్లో ఒక జెముడు మొక్క
వెన్ను నిటారుగా పెట్టుకుని కూచునుంది.
దాన్ని రాయాలో వద్దో
అతనికెవరూ చెప్పలేదు.