కాపీ రెండు రూపాయలు

చెన్నై తంబుచెట్టి వీధిలో నా జెరాక్స్ మిషనుకి
మధ్యాహ్నం మూడింటికి ఒళ్ళు కాలిపోతుంది.
అప్పుడొచ్చిందామె, గొడుగు ముడుస్తూ.
జాంబియా అంది. పేరు ముటింటా.
మూడోసారికి గానీ నా నోరు తిరగలేదు.
ఇద్దరం అరువు తెచ్చుకున్న ఇంగ్లీషులో
ఈ అడ్రసెక్కడ అని అడిగింది:
నూట పదిహేడు, రెండో అంతస్తు.

మెట్ల కేసి చెయ్యి చూపించాను.
పైన ఏముందో నాకు తెలుసు.
నీళ్ళ మోటారు స్విచ్చి, పావురాల రెట్ట,
ఎవరో వదిలేసిన సైకిలు ట్యూబు.
ఎక్కింది. ఫొటో తీసుకుంది. దిగింది.
మోసపోయిన మనిషి మొహం కాదది,
లెక్క సరిపోయిన గుమాస్తా మొహం.

మంచినీళ్ళిచ్చాను, అలవాటు కొద్దీ.
ఇరవై రెండేళ్ళ ఉద్యోగమట.
మొదట్లో సంతలో టమాటా ధరలు రాసేది.
పెరిగిన ప్రతి ధర వెనకా ఒక రసీదు,
రసీదు వెనక ఎవరో ఒక బావమరిది.
రెండు పేపర్లు మూతపడ్డాయి.
పదకొండు పరువునష్టం దావాలు.
ఒక మంత్రి మేకని పంపితే
దారిఖర్చు తనే పెట్టుకుని తోలించేసిందట.
అక్కడ మాత్రం నవ్వింది.

ఈసారి ఆస్పత్రి మంచాలు, నాలుగు వందలు.
డబ్బు ఈ వీధికి చేరింది.
మంచాలు బయల్దేరనే లేదు.
అక్కడ కాన్పుల వార్డులో
ఇద్దరు బాలింతలకో చాప.

సంచీలోంచి మూడు కాగితాలు తీసింది.
మూడేసి కాపీలు, అంది.
కోర్టుకొకటి, ఎడిటరుకొకటి,
ఇంకోటి... ఆగి, మా అక్క దగ్గరుంటుంది, అంది.

మూత ఎత్తి పరిచాను.
పచ్చటి వెలుగు అటునించి ఇటు పాకింది.
అడుగున, డైరెక్టర్ అన్నచోట,
ఎనిమిదేళ్ళ కిందటి నా సంతకం.
ఆడిటరుగారు పెట్టమన్నారు, నెలకి ఎనిమిది వందలు.
చదవలేదు.
చదవకుండా కాపీ తియ్యడమే కదా నా వృత్తి.

మిషను మింగింది, కక్కింది.
కాగితాలింకా వెచ్చగా ఉన్నాయి.
పద్దెనిమిది రూపాయలన్నాను.

రసీదు కావాలంది.
పద్దెనిమిది రూపాయలకి రసీదు!
ఈ వీధిలో ఎవరూ అడగరు.
పుస్తకం వెతికి, దుమ్ము దులిపి, రాశాను.
కింద గీత గీసి వదిలెయ్యొచ్చు.
ఇంగ్లీషులో పొడి అక్షరాలు రెండు చాలు.
చెయ్యి కాసేపు గాల్లోనే ఉంది.
తర్వాత తెలుగులో పెట్టాను,
అదే వంపు, అదే దీర్ఘం, చివర అదే తోక.

రసీదుని కాగితం పక్కన పెట్టి
చాలాసేపు చూసింది.
నా మొహం చూడలేదు.
పెన్ను మూత తీసి
స్పెల్లింగు చెప్పండి, నిదానంగా, అంది.

ఇంటిపేరుతో మొదలుపెట్టాను.