స్పందన అనే గడి

కొండమల్లేపల్లి చౌరస్తల
బస్సు ఎప్పుడొస్తదో ఎవలకెరుక.
చాయ్ కొట్టు బల్ల మీద కూసోని
ఇయ్యాల్టి రిపోర్టు ఫోనుకు చెప్తున్న.

రాసుడు లేదు, చెప్పుడే.
నా మాటలల్ల నేను గొణుగుత,
అది ఇంగ్లిషుల ఇస్త్రీ చేసి ఇస్తది
కాలరు నిలవడేటట్టు.

పదిల ఇంగ్లిషు పరీక్ష మూడుసార్లు రాసినోన్ని.
హైదరాబాదు మీటింగుల నా రిపోర్టు తెర మీదేసిన్రు ఒకపారి.
డ్రిప్పును డ్రాప్ అని రాసిన.
నెల దాక నా పేరు డ్రాపే.
ఇప్పుడు మేనేజరు బొటనవేలు బొమ్మ పెడ్తడు,
"లింగస్వామీ, ఎవల దగ్గర నేర్చుకుంటున్నవ్?" అంటడు.
అబద్ధమెందుకు, దీనికి బాకీ ఉన్న.

తెలుగే జెర ఎక్కువైతది దానికి.
మొదట్ల రైతులకు మెసేజి రాయమంటే
"గౌరవనీయ కృషీవలా, ప్రతి బిందువూ అమృతమే" అని రాసింది.
నాంపల్లి నుంచి యాదగిరన్న ఫోను చేసి
"పెండ్లెవలిది, ముహూర్తం ఎన్నింటికి?" అన్నడు.
అప్పటిసంది నేనే దిద్దుత:
అన్నా, పైపుల రేటు దిగింది, ఓసారి వచ్చి సూడు.
గంతే. గంతకే పైపులు పోతయ్.

ఇయ్యాల గుర్రంపోడు దిక్కు తండాకు పోయిన.
రమావత్ ద్వాలమ్మ, మూడెకరాల బత్తాయి.
చెట్లు నిలవడే ఉన్నయ్,
ఆకులు డొప్పల్లెక్క ముడుసుకున్నయ్.
నేను నేర్సుకున్న మాటలు మొదలువెట్టిన:
నీళ్ళు సగం మిగుల్తయ్, కూలీ మిగుల్తది, మందు వేరుకే పోతది...
ఆమె అడ్డం చెప్పలే.
ఆరో బోరు కాడికి తోల్కపోయింది.
కేసింగు మీది గోనెసంచి తీసి
గులకరాయి ఒకటి ఇడిసింది.

ఇద్దరం వంగి చెవులు పెట్టినం.
రాయి గోడలకు తగులుకుంట పోయింది,
తగులుకుంట పోయింది.
నీళ్ళ సప్పుడు రాలే.

సంచి మళ్ళ కప్పింది.
నా రంగుల కాయితం మడిసి
ఎండనవడి వచ్చిన్నని నాకే ఇసిరింది.
సర్వెడు మజ్జిగ ఇచ్చింది.
పైపుల మాట ఆమె తియ్యలే, నేనూ తియ్యలే.

ఇగ రిపోర్టుల ఒక గడి ఉంటది:
కస్టమర్ స్పందన.
ఖాళీగ ఇడిస్తే ముందటికి పోనియ్యదు.

"ఏం అనలే, రాయి ఏసింది" అని చెప్పిన ఫోనుకు.
"రైతు నీటి యాజమాన్యంపై ఆసక్తి కనబరిచారు" అని రాసింది.
పదిహేను రోజులకు మళ్ళ ఫోను చెయ్యమని
నన్ను అడగకుంటనే గంట పెట్టింది.
కాదు అన్న.
"ధర విషయంలో సందేహిస్తున్నారు" అన్నది.
అది గాదే తల్లీ అని
బోర్లు ఆరని, తొమ్మిదొందల ఫీట్లని,
దుబ్బ తప్ప ఏం లేవలేదని,
కాయితంతోని నాకు ఇసిరిందని,
మొత్తం చెప్పిన. చాయ్ సల్లారింది.
"మీ బాధ నాకు అర్థమైంది.
ఇటువంటి వారికోసం ప్రత్యేక ఆఫరు తయారుచేయమంటారా?"

అర్థమైందట.
రెప్ప కొట్టే అంత సేపు గూడ పట్టలే.

దానిదేం తప్పు.
నెలాఖరుకు నాకింక పదకొండెకరాలు కావాలె.
ఆసక్తి అని ఉంటే ఆ గడి పచ్చగైతది,
పచ్చ గడులు ఎన్నుంటే అంత నిమ్మళం ఇంట్ల.
ఇదివరకు ఎన్ని ఊకునుడులను
ఆసక్తి అని పంపిన్నో
లెక్క చెప్పుమంటే ఫోనే చెప్తది.

అంతా తుడిసిన.
వేలుతోని, తెలుగుల, ఒక్కొక్క అచ్చరం కొట్టిన:
బోర్ల నీళ్ళు లేవు.

ఎర్రగైంది గడి.
"మరింత స్పష్టంగా రాయడంలో సహాయపడనా?"

బస్సొచ్చింది. బ్యాగు, పైపు ముక్కల సంచి ఎత్తుకొని ఉరికిన.
పంపిన్నో లేదో సూసుకోలే.
కిటికి కాడ సీటు దొరికింది.
జేబుల ఫోను వెచ్చగ ఉన్నది,
చెవుల్ల ఆ రాయి
ఇంక తగులుకుంట
దిగుతనే ఉన్నది.